పలకల మధ్య టమాటా పూలు

మార్కాపురంలో నా చిన్నప్పుడు ఎవరి దొడ్లో అడుగుపెట్టినా కాలికి పలక ముక్కలే తగిలేవి. బడిపిల్లలకు పలకలు తయారుచేసే ఊరు కదా, కోసి పారేసిన నల్లరాతి ముక్కలకు కొదవ ఉండేది కాదు. కడవల కింద అవే, తులసికోట చుట్టూ అవే. అందుకే నేను టమాటా మొక్కలు నాటినప్పుడు వాటికి కూడా ఆ ముక్కలతోనే కోట కట్టాను. దాంతో నా కొంప మునిగినంత పనైంది. ఆ సంగతి చెప్పేముందు మా జేజి గురించి చెప్పాలి.

జేజి అంటే మా నాయన తల్లి. మా నాయనకు బజారులో బట్టల దుకాణం ఉండేది. అక్కడ ఆయన పెత్తనం ఎంతైనా, ఇంటికొస్తే నాలాగే పీట మీద కూర్చుని జేజి పెట్టింది తినాల్సిందే. ఆ కాలపు పెద్దవాళ్లు చాలామందిలాగే ఆమె టమాటాను వంటింటి గడప దాటనిచ్చేది కాదు. కోస్తే నెత్తురులా ఎర్రగా కారే కాయ తన పొయ్యి మీదికి రాకూడదని ఆమె పట్టు. నేనేమో పక్కింటి అత్త పెట్టిన టమాటా పప్పు ఒక్కసారి తిని దానికి దాసోహమైపోయాను. రోజూ జేజి కొంగు పట్టుకుని పీడించగా పీడించగా, అంగట్లో కొన్నది ససేమిరా వండననీ, మన దొడ్లో కాస్తే అప్పుడు వండుతాననీ చివరికి ఒప్పుకుంది. అది వద్దనడానికి ఒక మర్యాదైన దారి అని ఇంట్లో అందరికీ అర్థమైంది, నాకు తప్ప.

మర్నాడే అత్త దగ్గర నారు తెచ్చి నాటాను. ఒక్కో మొక్క చుట్టూ నాలుగు పలకలు నిలబెట్టి, వాటి మీద బలపంతో మా తరగతి ఆడపిల్లల పేర్లు రాశాను. నాకు బాగా కావలసినవాళ్లకు మంచి మంచి చోట్లు ఇచ్చి, బట్టలారేసే దండెం గుంజకు ఆనించి కట్టిన మొక్కకు మాత్రం నాకు అస్సలు పడని పిల్ల పేరు పెట్టాను.

శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి మొక్కలు గుత్తులు గుత్తులుగా పూశాయి. ఇంకేముంది, పప్పు ఉడుకుతున్న వాసన అప్పుడే నా ముక్కుకు తగిలింది. కానీ పొద్దున లేచి చూస్తే పూలు నేల మీద ఉండేవి. కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, సరిగ్గా అక్కడ పసుపు పచ్చగా మారి తెగిపోయేవి. నాకు తోచినప్పుడల్లా, మిట్టమధ్యాహ్నమైనా సరే, చెంబులతో నీళ్లు గుమ్మరించాను. అత్తవాళ్ల ఎరువు దిబ్బ సగం మోసుకొచ్చి పోశాను. ఆకులు ఏపుగా పెరిగాయి గానీ పూలు రాలుతూనే ఉన్నాయి. ఇంక పూలే పప్పులో వేయించుకోమని మా నాయన నన్ను ఆటపట్టించేవాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పూలతో పాటు జేజి ఇచ్చిన మాట కూడా రాలిపోతోందని నా దిగులు.

ఒక సాయంత్రం రాలిన పూలన్నీ పావడాలో ఏరుకుని మొక్కల దగ్గరే కూర్చుని ఏడ్చాను. జేజి వచ్చి పక్కన కూర్చుంది. ఊరికే ఒక పలక మీద చెయ్యి ఆనించి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకుంది.

"ఇవి పలకలేందే, పెనాలు. చుట్టూ నాలుగు పెనాలు పెట్టి కూర్చోబెడితే నువ్వైనా పూస్తావా?" అంది.

ఆ పూటే పలకలన్నీ పీకించింది. ఎరువు ఇక చాలంది. మొదళ్లలో శనక్కాయ పొట్టు పరిచింది. తన పాత నూలు చీర ఒకటి కర్రలకు కట్టి మధ్యాహ్నపు ఎండకు అడ్డం పెట్టింది. నీళ్లు తెల్లవారుజామునే, అదీ కొలతగా పోయాలని నాకు ఆజ్ఞ. రాలడం తగ్గింది. అయినా పిందె నిలిచింది ఒక్క మొక్కకే. అది కూడా నాకు పడని పిల్లది! నాకు ఒళ్లు మండిపోయింది.

జేజి మాత్రం బట్టలు తీయడానికి వచ్చి ఆ మొక్క ముందు చాలాసేపు నిలబడింది. బట్ట లాగినప్పుడల్లా దండెం ఊగుతోంది, దండెంతో గుంజ, గుంజతో మొక్క. ఆమె ఒక పలక ముక్క తెప్పించి, ఒక పువ్వు కింద పట్టి, కాడను గోటితో మెల్లగా మీటింది. నల్లటి పలక మీద సన్నటి పొడి రాలింది.

"చూసినావా? ఈ పొడి పువ్వులోనే రాలితే కాయ నిలబడుతుంది. మన దొడ్లో గాలి ఆడదు గదా, మనమే ఊపాల" అంది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున, తడి ఆరి ఎండ ఎక్కకముందు, జేజి ఒక్కో మొక్క దగ్గర ఆగి ఊతకర్రను వేలితో తట్టేది. నేను పేర్లు అందిస్తుంటే, పడుకున్న పిల్లల్ని లేపినట్టు, పేరు పేరునా పిలుస్తూ తట్టేది. మా తరగతి పేర్లన్నీ ఆమెకు నోటికొచ్చేశాయి. వెనకాలే నేనూ తట్టేదాన్ని. నా జీవితంలో అంత సంతోషంగా నిద్ర లేచిన రోజులు మళ్లీ రాలేదు.

మిరియం గింజంత పిందెలు అన్ని మొక్కలకూ నిలిచాయి. అవి చూడటానికి వచ్చిన పక్కింటి అత్త ముసిముసిగా నవ్వుతూ, "ఏంది పెద్దమ్మా, ఇవి కాస్తే నువ్వు వండాల గదా. నీ పట్టు నువ్వే పోగొట్టుకుంటాండావే" అంది.

జేజి ఊతకర్రలు తడుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది. "పోతే పోనీలేమ్మా. రాలిన పూలు ఏరుకుని బిడ్డ ఏడుస్తాంటే చూడలేకపోయినా."

అప్పటిదాకా నేను ఆ సంగతే ఆలోచించలేదు. నన్ను గెలిపించడానికి ఆమె తన ఓటమికి తానే నీళ్లు పోసి పెంచుతోంది.

కాయలు పండిన రోజు జేజి తలస్నానం చేసి, ముఖం కాస్త పక్కకు తిప్పుకుని టమాటాలు కోసి, పప్పు వండింది. తాను మాత్రం ముట్టలేదు, బతికినన్నాళ్లూ ముట్టలేదు. నా ఎదురుగా కూర్చుని, అన్నంలో నెయ్యి వేస్తూ, ఉప్పు సరిపోయిందా అని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. రుచి చూడలేని వంట కదా, ఆమెకు తెలిసే దారి లేదు. నోటినిండా ముద్ద పెట్టుకుని తలూపాను. మా నాయన అయితే మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఇప్పుడు నాకు మనవడున్నాడు. వాడికి ఆమ్లెట్టు అంటే ప్రాణం. గుడ్డు నేను ఇంతవరకూ నోట్లో పెట్టుకోలేదు, ఆ వాసన కూడా నాకు పడదు. మొదట్లో నా వంటింట్లో కుదరదని నేనూ భీష్మించుకుని కూర్చున్నాను. వాడు మూతి ముడుచుకుని బడికి వెళ్లిపోయిన ఒక పొద్దున మనసు ఆగలేదు. ఇప్పుడు నేనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఉల్లిపాయ సన్నగా తరిగి ఆమ్లెట్టు వేస్తాను. వాడి ఎదురుగా కూర్చుని అడుగుతాను, ఉప్పు సరిపోయిందా నాయనా అని.