చుట్టం బాంబర్లకు బంగారు రంగు

నా రాత కోడి గెలికినట్టు ఉంటాది, ఒత్తులు తప్పుతాయి, మన్నించండి. పల్లెలో ఐదో తరగతి చదివినోణ్ణి. ఈ కాగితం ఫోటో తీసి మన తెలుగోళ్ల గ్రూపులో పెట్టమని పక్కింటి డ్రైవరును అడిగినా.

ఈ అరబ్బు దేశంలో, సల్వా పేటలో నేను బండి తోలే ఇంటి పెద్దాయన, మా బాబా, పోయిన వారం ఆసుపత్రిలో చనిపోయినాడు. నేను కింద కారులోనే ఉండా. కొడుకులు ఒక్కరూ చెప్పలా. ఇంట్లో పనిచేసే రాయచోటి పిల్ల ఫోన్ చేసి, "చిన్నాయనా, బాబా పోయినాడంట, మామా ఏడుస్తాంది. నీకు తెలీదా?" అనింది. మామా అంటే బాబా భార్య. ఆ కోపం దిగకముందే ఇంకోటి ఎక్కింది.

బాబా బడిపంతులుగా చేసి మానుకున్నాక, మగోళ్లు కూర్చునే దీవానియా గదినిండా యుద్ధవిమానాల బొమ్మలు చేసి పెట్టినాడు. అన్నీ పాత ప్రపంచ యుద్ధంలోవి, ఒకే జాతివి. ముక్కు కిందికి పెట్టి నిట్టనిలువుగా దిగి, బాంబు వదిలి, మళ్లీ పైకి లేచేవి. డైవ్ బాంబర్లంట. బాబాకు 'వ' పలకదు, 'డైఫ్' అనేవాడు. అరబ్బీలో దైఫ్ అంటే చుట్టం. నేను చానాళ్లు చుట్టం బాంబర్ అనే అనుకున్నా.

ఒకరోజు దుమ్ము తుడుస్తా, "బాబా, బాంబులేసేదానికి చుట్టమని పేరేంది?" అన్నా.

దగ్గొచ్చేదాకా నవ్వినాడు. "చెప్పకుండా నెత్తిమీద దిగేది చుట్టం కాక ఏంది, శైబా?"

శైబా అంటే ముసలోడా అని. ఆయన నాకంటే పెద్ద. అప్పటినుంచి మా ఇద్దరికీ అవి చుట్టాలే.

నేను మాట్లాడేది తక్కువ. ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని, టీ పోసి చెప్పేవాడు. జర్మనోళ్లదానికి రెక్కలు మోచేయి మాదిరి వంగుంటాయి, చక్రాలు లోపలికి పోవు. తర్వాత తర్వాత అది ట్యాంకులను కొట్టేదానికి రెక్కల కింద రెండు పెద్ద ఫిరంగులు మోసింది. అమెరికావోళ్లది ఓడమీద నుంచి లేచి ఓడలను ముంచేది. రెక్కల వెనక రేకులకు జల్లెడ మాదిరి బొక్కలు. దిగేటప్పుడు ఆ రేకులు తెరుచుకుని వేగాన్ని పట్టుకుంటాయి. "బండరాయి కూడా దిగుతాది. ఆగుతా దిగేదే పని" అనేవాడు. జపానోళ్లదీ ఓడమీదిదే, కానీ చక్రాలు ఎప్పుడూ కిందనే. ఈ మూడింట్లోనూ వెనక్కి తిరిగి కూర్చున్న తుపాకి మనిషి ఉంటాడు. "వానికి యాడికి పోతాండారో కనపడదు. నీ బండిలో నా మాదిరి, నమ్మి కూర్చోవాల."

జర్మనోళ్లదానికి కూత పెట్టేదొకటి ఉండేదంట, కిందోళ్లను భయపెట్టేదానికే. బాబా ఆ ముక్క మాత్రం అంటించలా. ఇరాకోళ్లు ఈ దేశం మీదికి యుద్ధానికి వచ్చినపుడు ఈ ఇంట్లోనే పిల్లల్ని కింద పెట్టుకుని నేలమీద పడుకున్నాడంట. "పైనుంచి చూసేవానికి అది కూత. నేను కిందున్నోణ్ణి" అన్నాడు.

ఆ పిల్లల్లో ఒకడే ఇప్పటి పెద్దకొడుకు. పరామర్శకు వచ్చినోళ్లు పోయినారో లేదో, రంగులోణ్ణి పిలిపించినాడు. దీవానియా కొత్తగా చేయిస్తాడంట. బొమ్మలన్నిటికీ బంగారు రంగు కొట్టి దీపాల చుట్టూ కడతాడంట.

"అవి ఒక్కోటి ఒక్కో దేశానివి. మీ నాయన ఒక్కోదానికి ఒక్కో రంగు వెతికి వేసినాడు" అన్నా.

"విమానం విమానమే. ఖలాస్."

"నీకు విమానమే. నీ మీద పడుకున్నోనికి కాదు" అన్నా. నా గొంతు అంత లేస్తాదని నాకే తెలీదు.

వాడు "అంత ఇష్టమైతే నీవే ఎత్తుకుపో. శుక్రవారం దాకా చూస్తా" అన్నాడు.

నా గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటాది. మీలో ఎవరికన్నా ఖాళీ గోడ ఉంటే, బడి నడిపేవాళ్లయితే ఇంకా మేలు, అన్నిటినీ కలిపి ఒకచోట పెట్టండి. రంగు మార్చకండి. నేనే బండిలో తెచ్చిస్తా.

ఈ పొద్దున రంగులోడు మచ్చుకని ఒకదానికి కొట్టేసినాడు. వాకిట్లో పేపరు మీద ఎండకు పెట్టినారు. ముందునుంచి చూసినా, వెనకనుంచి చూసినా. అంత మెరుపులో అది ఏ చుట్టమో గుర్తుపట్టలేకపోయినా. జవాబు తొందరగా పెట్టండి.