దస్తి తీసిన దుకాణం

మా చిన్నవ్వ, మా అమ్మ చెల్లెలు, పోయింది. కబురు తెచ్చినవాడు ఆమె మరిది. భైంసాలో బస్సెక్కి, నిర్మల్‌లో మారి, కరీంనగరు చేరి, మా కాలేజీ గేటు దగ్గర తెగిన చెప్పు చేత పట్టుకుని నిలబడ్డాడు. నేను పాఠం ముగించి బయటికి వస్తూ ఆయన ముఖం చూశాను. ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది.

"నిన్న పొద్దుగాల లేషింది, చాయ తాగింది. 'తమ్మీ, ఇయ్యాల కొత్తగ ఏమొచ్చింది?' అని అడిగింది. నేను నోరు తెరిషేలోపట్నే పోయింది బిడ్డా," అన్నాడు. చెప్తూ చెప్తూ నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు.

కొత్తగ ఏమొచ్చింది అన్నది మా చిన్నవ్వకు నమస్కారం వంటిది. బస్సు కండక్టరునూ అదే అడిగేది, గాజులమ్మే ఆమెనూ అదే అడిగేది, చదువుకుని సెలవులకు వచ్చిన నన్నూ అదే అడిగేది. మా చుట్టాలలో మొదట గ్యాసునూనె (కిరసనాయిలు) స్టవ్వు కొన్నది ఆమే. మొదటిరోజు వెలిగించబోయి కనుబొమలు కాల్చుకుంది. అందరూ దాన్ని అటక మీద పడేయమన్నారు. మర్నాడు కొంగు నడుముకు చుట్టి, ముఖం జర దూరం పెట్టి, మళ్లీ వెలిగించింది. బాసర పోవాలన్నా పోయినసారి పోయిన తోవన పోయేది కాదు. "సరస్వతమ్మ యాడికి పోదు గదా, తోవలన్న కొత్తయి సూద్దాం" అనేది.

నేను అర్థశాస్త్రం చెప్పి బతికే మనిషిని. కాలం వేగంగా మారుతున్నప్పుడు వ్యాపారస్తుడు తన పాత పద్ధతులను ఎలా తిరగ చూసుకోవాలో పిల్లలకు పుస్తకం చూసి చెప్తాను. చెప్తున్నంతసేపూ నా కళ్లముందు ఆడేది మాత్రం భైంసా పత్తి అంగడే. ఆ అంగడిలో మా చిన్నవ్వ చేసిన పని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. దాన్ని ధైర్యం అనాలో, అవసరం అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

చిన్నవ్వ భర్త, మా చిన్నబాపుకు భైంసాలో అడ్తి దుకాణం ఉండేది. పల్లెల నుంచి రైతులు పత్తి బండ్లు తోలుకొస్తే, వాళ్ల తరఫున సేట్లతో బేరం చేసి, పత్తి అమ్మించి, తన కమీషను తీసుకోవడం ఆయన పని. ఆ బేరం నోటితో జరిగేది కాదు. అడ్తిదారు, సేటు ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద దస్తి, అంటే చేతిగుడ్డ, కప్పుకునేవాళ్లు. ఒక వేలు పట్టుకుంటే ఒక అర్థం, పిడికిలి పట్టుకుంటే ఒకటి, అరచేతిలో గీస్తే మరొకటి. పైకి మాత్రం వానల గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. చుట్టూ అంతమంది ఉన్నా ఏ ధరకు కుదిరిందో పక్కవాడికి తెలిసేది కాదు. చేయి వదిలారంటే బేరం ముగిసినట్టే, ఇక బ్రహ్మ దిగొచ్చినా మారదు. వ్యాపారమంటే గుట్టు, గుట్టంటే దస్తి. తాతల నాటి నుంచి నడిచిన తీరు అది.

పోలీసు చర్య జరిగి, నిజాం పాలన పోయి కొన్నేళ్లయిన రోజులవి. పత్తి ఏరడం మొదలయ్యే ముందు చిన్నబాపు జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పక్కనే ఇంకో అడ్తి దుకాణం నడుపుకునే మరిది వచ్చి పద్ధతిగానే మాట్లాడాడు.

"వదినె, దుకాణం నా దాంట్ల కలుపుత. నీ బువ్వకు బట్టకు ఫికర్ లేదు. నువ్వు ఇంట్ల కూసో."

"కూసుంట గని తమ్మీ, కూసుంటె పొద్దు పోతదా?"

"మరేం జేస్తవ్? దస్తి కింద సేట్ల చెయ్యి పట్టుకుంటవా?"

అదీ అసలు చిక్కు. మగవాళ్లెవరికీ ఎన్నడూ తట్టని చిక్కు. చిన్నవ్వకు లెక్క తెలుసు, పత్తి తెలుసు, గుప్పెడు దూది తీసి పీచు లాగి చూసిందంటే ఏ నేలలో పండిందో చెప్పేది. కానీ ఆడది పరాయి మగవాడి చేతిలో చేయిపెట్టి దస్తి కప్పుకోవడం ఎలా? చిన్నవ్వ, "ఈ ఒక్క సీజను నాకు ఇడిషిపెట్టు. బండ్లు రాకుంటె నువ్వు చెప్పినట్టే ఇంట్ల కూసుంట" అంది. మరిది సరేనన్నాడు. బండ్లు రావని ఆయనకు నమ్మకం.

నిజం చెప్పాలంటే నాకూ అదే నమ్మకం. చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, ఆమెకు తోడుగా భైంసా వచ్చి ఉన్నాను. "నీ తరఫున ఇంకెవరినన్నా దస్తి కింద చెయ్యి పెట్టమనరాదే" అని సలహా చెప్పాను. ఆమెకూ వేరే దారి తోచలేదు. మరిదినే అడిగింది. ఆయన జాలిపడి ఒప్పుకున్నాడు.

మొదటి అంగడినాడు ముధోల్ దిక్కు నుంచి విఠల్ అనే రైతు బండి తోలుకొచ్చాడు. చిన్నబాపు కాలం నుంచీ వచ్చేవాడు. తెలుగు మాట్లాడితే అందులో సగం మరాఠీ. నాందేడు సేటు, మరిది దస్తి కప్పుకున్నారు. చేతులు వదలగానే మరిది ముఖం వెలిగిపోయింది. వచ్చి విఠల్ చెవిలో ధర చెప్పాడు. విఠల్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. పత్తి దించారు. చిన్నవ్వ అందరికీ చాయ పెట్టించింది. తీరా పైకం చేతికిచ్చే దగ్గర సేటు హాలీ సిక్కా తీశాడు.

ఆ రోజుల్లో రెండు సిక్కాలూ, అంటే రెండు రకాల రూపాయిలూ, నడిచేవి. నిజాం నాటి మన పాత హాలీ ఒకటి, దేశమంతా చెల్లే కల్దారు ఒకటి. కల్దారు విలువ ఎక్కువ. వారమంతా బొంబాయి మిల్లుల గుమాస్తాలతో బేరాలు చేసిన మరిది వేళ్లు కల్దారులో మాట్లాడాయి. నాందేడు సేటు వేళ్లు తాతల నాటి హాలీలో మాట్లాడాయి. ఇద్దరూ నిజాయితీగా ఒకే వేళ్లు పట్టుకున్నారు, ఒకే అంకె ఒప్పుకున్నారు. మోసం చేసినవాడు లేడు, మోసపోయినవాడు మాత్రం నడి అంగట్లో తలపాగా తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"చేయి ఇడిషినంక మాట లేదు," అన్నాడు సేటు.

"అవు, రివాజు గదే," అన్నాడు మరిది, నేల చూస్తూ.

అప్పటిదాకా తలుపు వెనక నిలబడిన చిన్నవ్వ గడప దాటి వచ్చింది. "సేట్‌జీ, గిది బేరం కాదు, పొరపాటు. విఠల్, నీ పత్తి నువ్వు బండిల ఏసుకో."

అంగడి అంతా ఒక్కసారి నవ్వింది. దించిన పత్తిని తిరిగి బండికెత్తడం అంటే పెళ్లి పందిట్లోంచి పెళ్లికూతుర్ని వెనక్కి తోలుకుపోవడం లాంటిది. సేటు కోపంతో లేచి పోయాడు. విఠల్ పత్తి ఎత్తుకుని బండి మళ్లించాడు. "ఇగ అయిపోయింది వదినె," అన్నాడు మరిది. ఆ మాటలో ఎగతాళి లేదు.

ఆ సాయంత్రం ఆమె వంట చేస్తూ ఉన్నట్టుండి గరిటె ఆపింది. "బిడ్డా, వేళ్లకు సిక్కా పేరు రాదే!" అంది. ముఖం చూస్తే దుఃఖం లేదు, పొడుపుకథ విప్పిన పిల్లలా ఉంది. "వేలు అంకె చెప్తది. హాలీనా కల్దారా, వేలుకేం తెలుసు? నోటికైతె తెలుసు. నోటితోని చెప్పుకుంటె అయిపాయె! నా చెయ్యితోని పనే లేదు!"

పొయ్యి మీద పప్పు పొంగిపోతోంది. ఆమె పట్టించుకోలేదు. వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, గరిటెతో గాలిలో వేలం పాడుతూ, తనే సేటు, తనే అడ్తిదారు అయి గొంతులు మార్చింది. మరిదిని పిలిపించింది.

"ధర బైట చెప్తే పక్క దుకాణపోడు ఇనడా?" అన్నాడు మరిది.

"ఇననీ. ఇంటె ఒక రూపాయి ఎక్కువ పాడుతడు. నీకేం నొప్పి?"

"సేట్లకు ఇజ్జత్ ఉంటది వదినె. కూరగాయలమ్మేటోళ్ల లెక్క గట్టిగ ఒర్రుతరా?"

నేను నా చదువు బయటికి తీశాను. "ధర బయటపడితే సేట్లందరూ కూడబలుక్కుని తక్కువ పాడరా చిన్నవ్వా?"

"దస్తి కింద కూడబలుక్కుంట లేరని నీకెవ్వలు చెప్పిన్రే?" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "నువ్వన్నది గూడ అయితది కావచ్చు. సూద్దాం. కానీ అందరు ఇనంగ కూడబలుక్కునుడు జర కష్టం" అంది.

ఆమెలో నాకు నచ్చింది ఇదే. పాత పద్ధతిని ఎన్నడూ తిట్టలేదు. "దస్తి మంచిదే బిడ్డా, అంతమందిల కొట్లాటలు రాకుంట కాపాడింది. ఒక్కటే సిక్కా ఉన్నన్ని దినాలు మంచిదే. కింద నేల కదిలినంక గోడను మొక్కుకుంట కూసుంటమా?" అనేది. ఆ తరువాత నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే తేటగా ఈ సంగతి చెప్పినవి తక్కువ. అయితే ఇది ముందే ఆలోచించి వేసిన ఎత్తా, చేయి పెట్టలేని ఆడదానికి మిగిలిన ఒకే ఒక్క దారా? రెండూ ఒకటే కావచ్చునేమో. ఈ ప్రశ్న నన్ను వదలదు.

తరువాతి అంగడినాడు చిన్నవ్వ దుకాణం గద్దె మీద, తలుపు వెనక కాదు, ముందర కూర్చుంది. ఆమె దుకాణంలో దస్తి లేదని ఊరంతా తెలిసిపోయింది. పక్క దుకాణాల ముందు బండ్లు ఆగుతున్నాయి. మా ముందు ఒక్కటీ లేదు. చూడ్డానికి మాత్రం జనం బాగా చేరారు. పొద్దెక్కుతోంది. మరిది తన గద్దె మీద నుంచి మాటిమాటికీ ఇటే చూస్తున్నాడు.

అప్పుడు విఠల్ బండి వచ్చింది. అదే పత్తి. మధ్యలో ఎన్ని దుకాణాలు పిలిచినా ఆగకుండా తిన్నగా మా ముందుకు తోలాడు.

"బాయీ, పడ్డ పత్తిని వాపస్ ఇచ్చిన దుకాణం ఇదొక్కటే. నాకు ఇదే చాలు," అన్నాడు.

ఆ మాటకు చిన్నవ్వ కళ్లు నిండాయి. "సేట్లూ, రాన్రి. పత్తి సూడున్రి. ధర నోటితోని చెప్పున్రి. ఎవ్వలు ఎక్కువ చెప్తె వాళ్లదే."

సేట్లు వచ్చారు, గుప్పెళ్లతో పత్తి తీసి చూశారు, పీచు లాగారు, తలలూపారు. నోరు మాత్రం ఎవరూ తెరవలేదు. పుట్టి బుద్ధెరిగి ధరను నోటితో చెప్పిన మనుషులు కారు. ఒకాయన అలవాటు కొద్దీ కుడిచేయి ముందుకు చాచి, నాలుక కరుచుకుని వెనక్కి తీసుకున్నాడు. ఇంకొకాయన దగ్గరికొచ్చి ఏదో గొణిగాడు.

"సేట్‌జీ, పిల్లను సూడవొచ్చినవా? గంత సిగ్గు పడవడితివి! జర గట్టిగ చెప్పు, బండికి కట్టిన ఎడ్లు గూడ ఇనాలె!"

జనం గొల్లున నవ్వారు. ఆ సేటుకు రోషం వచ్చింది. గట్టిగా ఒక ధర అరిచాడు.

"హాలీనా, కల్దారా?" చిన్నవ్వ అడిగింది.

"కల్దారు!"

వెంటనే ఇంకో సేటు ఒక రూపాయి ఎక్కువన్నాడు. "హాలీనా, కల్దారా?" ఈసారి అడిగింది చిన్నవ్వ కాదు, జనం. ప్రతి పాటకూ అంగడంతా ఒక్క గొంతై అదే ప్రశ్న. పక్క దుకాణాల రైతులు తమ బండ్లు వదిలేసి ఇటు ఉరికొచ్చారు. విఠల్ తలపాగా విప్పి గాలిలో తిప్పుతూ "అజూన్, అజూన్! ఇంకా, ఇంకా!" అని ఎగదోస్తున్నాడు. అన్నిటికంటే పై పాట ఎవరిదనుకున్నారు? వెనక నిలబడి ఇదంతా చూస్తున్న నాందేడు సేటుది. జనం అడగకముందే, కాస్త చిరాగ్గా, "కల్దారే, కల్దారే!" అన్నాడు.

పాట ముగిసింది. తన పంట ధరను రైతు స్వయంగా, పదిమంది మధ్య, తన చెవులతో విన్న అంగడి మాకు తెలిసి అదే మొదటిది.

ఏళ్లు గడిచాయి. హాలీ పోయింది, నయా పైసలొచ్చాయి, సేర్లు పోయి కిలోలొచ్చాయి. నాందేడు ఒక రాష్ట్రానికి, భైంసా ఒక రాష్ట్రానికి పోయాయి. సర్కారు మార్కెట్లలోనూ ఇప్పుడు బహిరంగ వేలమే. ఆమె చేయకపోయినా ఈ మార్పు వచ్చేదే కదా అని నా బుద్ధి అంటుంది. వచ్చేదే. అయితే ఆ ఏడు, ఆ అంగట్లో రాకపోతే, ఆమె శేషజీవితం మరిది ఇంటి వెనక గదిలో గడిచేది. రావలసిన మార్పు ఎలాగూ వస్తుందని చెప్పే పుస్తకాలు, ఆలోగా మనుషులు ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పవు. మరిది ఆ వేలం మర్నాడే తన దుకాణంలో దస్తి తీసేసి, "వదినె, నాకు ఒర్రుడు రాదు, జర నువ్వే ఒర్రు" అని అడిగాడు. అప్పటి నుంచి రెండు దుకాణాలకూ ఆమె గొంతే.

నాకు బాగా గుర్తున్నది ఆ మొదటి వేలం తరువాతి అంగడి. తెల్లవారి తలుపు తీసేసరికి దుకాణం ముందు ఎడ్ల మెడగంటల చప్పుడు. బండి వెనక బండి, బండి వెనక బండి, వీధి మలుపు దాకా తెల్లగా పత్తి. మలుపు అవతల ఇంకా ఉన్నాయని ఎవరో అన్నారు. చిన్నవ్వ నమ్మలేదు. కొంగు బిగించి, చక్రం మీద కాలు పెట్టి, అందరూ వద్దు వద్దంటుండగానే మొదటి బండి మీదికి ఎక్కింది. ఎక్కగానే పత్తిలో మోకాళ్ల దాకా దిగబడిపోయింది. పడిపోకుండా రెండు చేతులూ చాచి, ఎండకు కళ్లు చికిలించి చూస్తూ, నవ్వుతూ నవ్వుతూ కింద నిలబడిన నాతో అరిచింది:

"ఆఖరు బండి యాడుందే బిడ్డా? నాకు కనవడ్తనే లేదు!"