లెక్క కోసం దాచిన పన్ను

పదిహేడో ఏట నాకు దవడ పట్టేసింది. నోట్లోకి చిటికెన వేలు కూడా దూరేది కాదు. కింది దవడలో అన్నిటికంటే వెనక మొలుస్తున్న ఆ దిక్కుమాలిన పన్నును జ్ఞానదంతం అంటారట. ఏం జ్ఞానమో! మా ఇంట్లో ఉన్న కాస్త తెలివినీ అదే తినేసింది.

అరవైల చివరి రోజులు. పాతపట్నం దగ్గర పల్లె మాది. సొంత భూమి సెంటు లేదు. నాన్న ఒక కామందు దగ్గర మడి కౌలుకు చేసేవాడు. ఆ ఏడాది నాన్నకు నడుము పడిపోయింది. నాగలి పట్టి నాలుగు చాళ్ళు తోలేసరికి గట్టు మీద కూలబడేవాడు. అలాంటప్పుడు విజయనగరంలో మిలట్రీ సెలక్షన్లు ఉన్నాయని కబురొచ్చింది. నేను ఎంపికైతే నెలనెలా మనియార్డరు వస్తుంది, నాన్న నడుము వాలుస్తాడు. ఆ ఆశతో నాన్న ఆగలేకపోయాడు. ఉగాదికి కౌళ్ళు తేల్చుకోవాలి కదా, నేను ఇంకా రైలైనా ఎక్కకముందే కామందు దగ్గరికి వెళ్ళి, "కుర్రోడు మిలట్రీకి ఎల్తన్నాడు బాబూ, నానొక్కడినీ దున్నలేను" అని మడి వదిలేసుకుని వచ్చాడు.

సరిగ్గా అప్పుడే పన్ను నొప్పి మొదలైంది. అమ్మ లవంగం పెట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. తగ్గకపోతే పాతపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు చూసి, "చోటు లేక పన్ను అడ్డంగా వస్తోంది. ఈ వయసులో వేర్లు ముదరవు, ఇప్పుడైతే సులువుగా ఊడుతుంది. ఊరుకుంటే చీము పట్టి దవడ బిగుసుకుపోతుంది. శ్రీకాకుళం వెళ్ళి వెంటనే తీయించెయ్యండి" అన్నాడు. ఆ మాట విని ఉంటే ఈ కథే లేదు.

మా అమ్మ తమ్ముడు, మా మావ, మిలట్రీలో కొన్నాళ్ళు చేసి వచ్చినవాడు. ఆయన మాటంటే మా ఇంట్లో వేదం. విషయం తెలియగానే పరుగున వచ్చాడు.

"ఒరే అల్లుడా, పన్ను పీకించుకున్నావో, నీ పని అయిపోనాదే! అక్కడ నోరు తెరిపించి పళ్ళు లెక్కెడతారు. నా కళ్ళతో సూసినాను. పళ్ళు సాలక ఒకడిని ఇంటికి పంపీసినారు."

నాన్న బుర్రకు అది ఇట్టే ఎక్కింది. సంతలో గిత్త మూతి ఎత్తి పళ్ళు చూడనిదే నాన్న బేరం మాట ఎత్తడు. పన్ను ఊడిన ఎద్దును ఎవడు కొంటాడు? మిలట్రీ వాళ్ళూ అంతే అనుకున్నాడు. నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి లోపలికి చూసి, "పన్ను గట్టిగానే ఉన్నాదిరా. సెలక్షనయ్యే వరకూ ఓర్సుకో నాయినా, ఆ మీదట పీకించేద్దాం" అన్నాడు.

ఓర్చుకున్నాను. ఎలా ఓర్చుకున్నానో నాకే తెలియదు. బుగ్గ కొబ్బరి బోండాంలా ఉబ్బింది. పోటు చెవిలోకి, చెవిలోంచి కణతలోకి ఎక్కేది. తెల్లారుతూనే తలకు తువ్వాలు బిగించుకుని, సెలక్షన్ల సాధనకని గట్ల మీద పరుగు తీసి, ఇంటికొచ్చి గుంజకేసి తల కొట్టుకునేవాడిని. అమ్మ నా పెదవుల సందులోంచి చోడి అంబలి పోస్తే సగం మెడ మీదే కారేది. ఒకరోజు ఇక తాళలేక, "సచ్చిపోతానే అమ్మా, పీకించెయ్యండే" అని ఏడ్చాను. అమ్మ నాన్న మీద విరుచుకుపడింది.

"పిల్లోడు సచ్చిపోతే ఆ పన్నేటి సేసుకుంటావు? దండకి గుచ్చుకుంటావా?"

"మడి ఒగ్గీసినానే. ఇప్పుడేటి సెయ్యమంటావు?" అన్నాడు నాన్న. తల మాత్రం ఎత్తలేదు.

చిన్న రైల్లో నౌపడా వెళ్ళి, అక్కడ పెద్ద రైలు మారి నేనూ మావా విజయనగరం చేరాం. జ్వరంతోనే పరుగు పందెంలో ముందు వరసలో వచ్చాను. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. చివరికి మిలట్రీ డాక్టరు ముందు నిలబడ్డాను.

"నోరు తెరువు" అన్నాడాయన.

తెరుచుకుంటేనా! ఒక చెయ్యి నుదుటి మీద, ఒక చెయ్యి గడ్డం మీద పెట్టి లాగాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. జనం రాకుండా కట్టిన తాడు అవతల నిలబడ్డ మావ, నాకు చేతకాదేమోనని తన నోరు బార్లా తెరిచి చూపిస్తున్నాడు. డాక్టరు చెక్క పుల్ల దూర్చబోతే చీము కారింది. నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరం కూడా ఉంది. ఈసారికి పనికిరాడు" అని తర్వాతివాడిని పిలిచాడు.

ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాను. "పళ్ళన్నీ ఉన్నాయి సార్, ఒక్కటీ పీకించలేదు సార్" అని బిగిసిన పళ్ళ మధ్యనుంచే మొరపెట్టుకున్నాను. మూడోసారికి గానీ ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక జాలిగా చూశాడు.

"ఆ పన్ను ఎవరిక్కావాలయ్యా? అది లేకపోయినా నీకు సరిపడా పళ్ళున్నాయి. ముందే తీయించుకుని మానాక వచ్చుంటే నిన్ను తీసుకునేవాళ్ళం."

మావ ఆ ఇసకలోనే కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత నన్ను ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సూదిమందులకు వాపు తీశాక పన్ను పీకారు. తిరుగు రైల్లో మావ నా వైపు చూడలేదు. ఆయన్ని తిట్టాలని ఉంది. ఆయన మొహం చూసి కిటికీ వైపు తిరిగిపోయాను.

మర్నాడు పొద్దున్నే నాన్న నన్ను వెంటబెట్టుకుని కామందు ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో వంగలేని నడుము వంచి దండం పెట్టి, మడి మళ్ళీ ఇప్పించమన్నాడు.

"నువ్వే గదేటి వద్దన్నావు? వేరేవోళ్ళకి మాటిచ్చేసినాను మరి" అన్నాడు కామందు. చెడ్డవాడు కాదు, కాసేపు బాధపడ్డాడు కూడా. తర్వాత నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "కుర్రోడు గట్టిగానే ఉన్నాడు. ఉగాది నుంచి పాలేరుగా ఒగ్గీ."

నాన్న నా వైపు తిరిగాడు. నేనే తలూపాను.

తర్వాతి సెలక్షన్లు వచ్చినప్పుడు దుక్కుల రోజులు, కామందు పంపలేదు. ఆ తర్వాత వయసు దాటిపోయింది. కామందు ఇంట్లో నా పళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు. నొప్పి కూడా మళ్ళీ రాలేదు.