కాలి చప్పుడు

అక్షరాలు నేర్చుకున్నది నిరుడే కాబట్టి ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

మా అమ్మాయికి ఆటిజం. అలాంటి పిల్లల కాలేజీ చదువులపై ప్రొద్దుటూరులో జరిగిన సదస్సులో తననూ మాట్లాడమన్నారు. మనుషుల్ని ముఖంతో కాదు, అడుగుల చప్పుడుతో గుర్తుపడతానని వేదిక మీద చెబుతోంది. అంతలో పార్టీ నాయకుడొకడు కాలీడ్చుకుంటూ లోపలికొచ్చాడు. తను మాట ఆపింది.

"నాయినను సంపిన దినం ఈ మామ మా ఇంటికొచ్చినాడు. వాకిలి తీసింది నేనే."

అతను నవ్వి, "ఏందమ్మా, పాపకు మతి బాగలేదా?" అని నన్నడిగాడు.

"శానా బాగుండాది మామా," అంది అమ్మాయే.

మా ఆయన్ని చంపినప్పుడు తనకు నాలుగేళ్లు. ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను. ఆ రోజు తలుపు చాటు నుంచి అతన్ని నేనూ చూశాను.

మర్నాడు పొద్దున్నే పోలీసు స్టేషన్‌కు వెళ్లి, ఎవరినీ చూడలేదని ఆనాడు నేనిచ్చిన వాంగ్మూలం అబద్ధమని చెప్పాను.