సూప్ కోసం ఓడిపోయే కోచ్

వెండెల్ డ్రిస్కల్‌కు ఒకటే పిచ్చి. ఎవరితో మ్యాచ్ ఆడాలన్నది ఆయన అవతలి జట్టు బలం చూసి తేల్చడు, ఆ ఊళ్ళో సూప్ ఎలా ఉంటుందో చూసి తేలుస్తాడు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రపు మొక్కజొన్న చేల మధ్యనున్న ఆల్డన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు ఆయన చాలా ఏళ్ళుగా కోచ్. అక్కడి జనానికి ఈ ఆట ఉంటే తిండి లేకపోయినా ఫరవాలేదు. లీగ్ మ్యాచ్‌లు ఎవరితో అన్నది లీగు వాళ్ళే చెప్తారు. దానికి ముందు, చలికాలం మొదట్లో, కొన్ని మ్యాచ్‌లు మాత్రం ఏ కాలేజీకి ఆ కాలేజీ కుదుర్చుకోవాలి. తెలివైన కోచ్‌లు ఏం చేస్తారంటే, బక్కచిక్కిన జట్లను ఏరి, తమ ఊరికి పిలిచి, చితక్కొట్టి, కాఫీ ఇచ్చి సాగనంపుతారు. పక్క ఊరి కోచ్ ఒకసారి పాదరీల బడి జట్టును పిలిచాడు. అందులో సగం మంది చర్చిలో పాటలు పాడేవాళ్ళే. వాళ్ళను మట్టి కరిపించి, ఆ ఏటి మేటి కోచ్‌గా సన్మానం కూడా చేయించుకున్నాడు.

మన వెండెల్ దారి వేరు. "మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఒక ఊరుందిరా. అక్కడి చేపల సూప్ తాగాక ఇంక ఈ లోకంలో పనేముంది అనిపిస్తుంది" అని పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరేవాడు. అక్కడి జట్టు వీళ్ళను ఉతికి ఆరేసేది. మరుసటేడు లూసియానా. అక్కడ రొయ్యలూ బెండకాయలూ వేసి సూప్ చేస్తారట. అక్కడా ఉతుకుడే. ఊరికే గెలుపు నడిచొస్తుంటే కాదనే జట్టు ఎక్కడైనా ఉంటుందా?

ఆట అయ్యాక రేడియో వాళ్ళు మైకు పెట్టేవారు.

"కోచ్, ఇంత దారుణంగా ఓడిపోయారు. ఏమంటారు?"

"ఉప్పు కాస్త ఎక్కువైంది. మిగతాదంతా బ్రహ్మాండం."

"నేనడిగింది ఆట గురించి కోచ్!"

"ఓ, అదా? అది కూడా చూశాను."

ఊరు ఊరంతా నవ్వేది. నవ్వనివాడు గ్రోవర్ సైమన్స్ ఒక్కడే. ట్రాక్టర్ల కొట్టు ఆయనది, జట్టు అభిమానుల సంఘానికి పెద్ద కూడా ఆయనే. ఆ ఏడు వెళ్ళి, కాలేజీ ఆటల విభాగానికి కొత్తగా పెద్దగా వచ్చిన లొరెట్టా బీమ్ గదిలో కూర్చున్నాడు.

"చూడమ్మాయ్, జిమ్‌కి కొత్త స్కోర్‌బోర్డు కొనిచ్చాను. క్రిస్మస్ దాకా దాన్ని వెలిగించే దిక్కు లేదు. ఆ ముసలాడు ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన కోచా, వంటవాడా?"

"లీగ్ మ్యాచ్‌ల్లో బాగానే గెలుస్తున్నారు కదండీ?"

"మొత్తం లెక్కలో గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. కోచ్ అంటే ఆ లెక్కే. ఇంకేం చూడాలి?"

వెండెల్ ఒప్పందం ఆ మార్చితో ముగుస్తుంది. కొనసాగించాలా, ఇంటికి పంపాలా అన్నది లొరెట్టాయే చెప్పాలని కాలేజీ ప్రెసిడెంటు ఆమె నెత్తిన పెట్టాడు. పాపం ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె అంతవరకూ అదే కాలేజీలో ఈత నేర్పిన మనిషి. ఈతలో ముందు గోడ తాకినవాడు గెలిచినట్టు, అంతే. ఇక్కడ మనిషిని దేంతో కొలవాలో ఆమెకు అంతు చిక్కలేదు. పైగా వెండెల్ అంటే ఆమెకు ఇష్టం.

"కోచ్, ఈసారి మిన్నసోటాలో ఆ గనుల ఊరికి ఎందుకండీ? వాళ్ళు మహా గట్టివాళ్ళు" అని అడిగింది.

"అడవి బియ్యం సూప్, లొరెట్టా! చిక్కగా, వేడిగా..."

"మీ ఉద్యోగం పోయేలా ఉందండీ బాబూ!"

"పోతే తీరిగ్గా తాగొచ్చు."

ఇలా కాదని, కళ్ళారా చూసి తేల్చేద్దామని ఆమె కూడా బస్సెక్కింది. దారి పొడుగునా మంచు. ఊళ్ళో దిగి అందరూ ఒక చిన్న హోటల్లో కూర్చున్నారు. వడ్డించే ఆవిడ వచ్చి, "ఇవాళ సూప్ లేదండీ, వంటావిడకు జ్వరం" అంది.

లొరెట్టా భయంభయంగా వెండెల్ వంక చూసింది. ఇంత దూరం సూప్ కోసం వచ్చిన మనిషి, గుండె పట్టుకుంటాడేమోనని.

"అలాగా? అయితే హాంబర్గర్ పట్టుకురామ్మా" అని ఆయన హాయిగా గోడ గడియారం వంక చూసుకున్నాడు.

అప్పుడు మొదలైంది లొరెట్టాకు అనుమానం. మధ్యాహ్నం జిమ్‌లో అడుగు పెట్టేసరికి అది రెట్టింపైంది. బయటినుంచి వచ్చిన జట్టు వైపు బెంచీలు ఎప్పుడూ బోసిగా ఉంటాయి. ఇవాళ కాలు పెట్టే చోటు లేదు. గని నుంచి నేరుగా వచ్చిన మగవాళ్ళు, చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు, బడి పంతులమ్మ, ముందు వరసలో దుప్పటి కప్పుకుని చక్రాల కుర్చీలో ఒక ముసలమ్మ. అట్టల మీద పెద్దపెద్ద అక్షరాలతో ఒకటే పేరు, నీమి.

ఎరిక్ నీమి ఆల్డన్ జట్టులో చివరి ఏడాది కుర్రాడు. చెట్టంత మనిషే గానీ నత్తకు తమ్ముడు. ఏళ్ళ తరబడి బెంచీని అంటిపెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు వెండెల్ అతన్ని మొదటి నిమిషం నుంచీ దింపాడు, చివరిదాకా బయటికి తియ్యలేదు. జట్టు మామూలుగానే చిత్తుగా ఓడింది. కానీ ఎరిక్ ఒక బంతి బుట్టలో వేసినప్పుడల్లా అరుపులకు జిమ్ పైకప్పు లేచిపోయింది. ముసలమ్మ అయితే కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడబోయింది.

ఆట అయ్యాక ఆవిడ లొరెట్టా చెయ్యి పట్టుకుంది. "ఆ కోచ్‌ మీద పెద్దవి నువ్వేనటగా తల్లీ? మా ఎరిక్‌ని జట్టులోకి తీసుకెళ్ళడానికొచ్చినప్పుడు నా వంటింట్లోనే కూర్చున్నాడు. 'అంత దూరం పంపిస్తే నా మనవడి ఆట నేనెప్పుడు చూస్తానయ్యా?' అన్నాను. 'నువ్వు రాలేకపోతే మేమే వస్తాం అవ్వా, నాది పూచీ' అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు చూడు."

లొరెట్టాకు చేపల సూప్ ఊరు ఎవరిదో గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట చదువు ముగించిన పడవవాళ్ళ అబ్బాయిది. రొయ్యల సూప్ ఊరూ అంతే. సూప్ అన్న ప్రతి ఊళ్ళోనూ జట్టులో ఒకడి ఇల్లుంది.

బస్సు దగ్గర వెండెల్‌ని నిలదీసింది. "ఈ మాట అందరికీ చెప్తే మిమ్మల్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు కదా! ఎందుకండీ ఈ సూప్ గోల?"

ఆయన గొంతు తగ్గించాడు. "చెప్తే? ఓడినప్పుడల్లా 'ఎరిక్ గాడి కోసం వెళ్ళి ఓడాం' అంటారు. గ్రోవర్ వాడి మొహమ్మీదే అంటాడు. పిల్లాడు వాళ్ళ అవ్వ ముందు ఆడిన ఆట జీవితాంతం తలుచుకుని సంతోషించాలి గానీ సిగ్గుపడకూడదు. తప్పంతా సూప్ మీద తోసేస్తే ఎవరికీ నొప్పి లేదు."

"మరి మీకు?"

"నాకు అలవాటైపోయింది."

లొరెట్టా బస్సెక్కింది. ఇంత మంచి మనిషిని ఎలాగైనా నిలబెట్టాలి, నిజం మాత్రం బయట పెట్టకూడదు. దారంతా అదే ఆలోచించింది.

మార్చిలో ప్రెసిడెంటు ముందు, గ్రోవర్ ముందు లేచి నిలబడి చెప్పింది. "కోచ్‌ని కొనసాగిద్దాం. ఆయన్ని లీగ్ మ్యాచ్‌లతోనే కొలవండి. లీగుకు బయటి మ్యాచ్‌లు ఇకనుంచీ నేనే కుదురుస్తాను. ఓడితే నన్ను తిట్టండి."

గ్రోవర్ నవ్వాడు. "ఈత నేర్పేదానివి, షెడ్యూలు గురించి నీకేం తెలుసమ్మా?"

"ఏమీ తెలీదండీ. అందుకే ఘోరంగా వేస్తాను, చూస్తూ ఉండండి."

ప్రెసిడెంటు సరే అని సంతకం పెట్టాడు. గ్రోవర్ ఆ రోజు నుంచీ ముసలాణ్ణి వదిలేసి ఈవిడను తిట్టడం మొదలెట్టాడు.

వారం తిరక్కుండా వెండెల్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి కోచ్?"

"కొత్త కుర్రాడొకడు చేరుతున్నాడు. బంగారం లాంటి పిల్లాడు. వాళ్ళమ్మకు మాటిచ్చేశాను."

"ఏ ఊరు?"

"ఊరు కాదు, దీవి. గువామ్."

లొరెట్టా గోడ మీది ప్రపంచ పటం ముందుకెళ్ళి చాలాసేపు వెతికింది. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఈగ వాలిన చుక్కంత ఉంది.

"అక్కడ కాలేజీ ఉందా?"

"ఉంది. మంచి జట్టు. మనల్ని చావగొడతారు."

"వాళ్ళమ్మ ఒక్కతేనా వచ్చేది?"

"దీవి దీవంతా వస్తుందట."

లొరెట్టా నిట్టూర్చి ఫోను అందుకుంది. "అలా నిలబడతారేం, కూర్చోండి. అక్కడిప్పుడు పగలో రాత్రో ముందు కనుక్కుందాం" అంది.