వదులు కీళ్ళ ప్రదర్శన

ఎవరేం చెప్పుకున్నా బడి పెద్దసారు కళ్ళద్దాలు టై కొసతో తుడుచుకుంటూ, వినకుండానే తల ఊపుతారు. ఆటిజం ఉన్న తన ఎనిమిదేళ్ళ కూతురికి కీళ్ళు మరీ వదులని, కాసేపు రాస్తే చాలు వేళ్ళు పీకేస్తాయని, పాదాలు నేలకి ఆనే కుర్చీ, లావుపాటి పెన్సిలు ఇప్పించమని ఒక తల్లి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా అలాగే ఊపారు. "ఇంతలా వంగే ఒంటికి నొప్పేమిటమ్మా! అంతా మీ గారాబం!" అని కొట్టిపారేశారు. పైగా బడికి ఎవరొచ్చినా ఆ పిల్లని పిలిపించి, బొటనవేలు ముంజేతికి ఆనేలా వంచి చూపించమనేవారు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొడితే, ఆ వేలేదో తానే చేసిపెట్టినట్టు పొంగిపోయేవారు.

మొన్న పై ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. తల్లి కుర్చీ సంగతి మళ్ళీ అడుగుదామని వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "ఏదీ, ఒకసారి చూపించు బంగారం," అన్నారు పెద్దసారు. బడిలో ఏనాడూ పెదవి విప్పని పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఆయన చెయ్యి పట్టి లాగబోయారు.

"నొప్పి," అంది పిల్ల, గదంతా వినబడేలా.

అతిథులు మొహమొహాలు చూసుకున్నారు. తల్లి పరుగున వచ్చి పిల్లని పొదువుకుంది. పెద్దసారు ఛాతీ విరుచుకున్నారు.

"చూశారా! మా బడిలో చేరాకే మాటలొచ్చాయి!"