ఢిల్లీ నుంచి రెండుంబావు గంటలు

ఢిల్లీ నుంచి గన్నవరానికి విమానంలో రెండుంబావు గంటలు. ఉద్యోగానికి ఢిల్లీ వెళ్లినప్పటినుంచీ ఎవరడిగినా ఇదే చెప్పేవాణ్ణి. ఇంట్లోంచి ఎయిర్‌పోర్టుకి గంటన్నర, అక్కడ లైన్లలో రెండు గంటలు, దిగాక అవనిగడ్డకి కారులో మరో రెండు గంటలు. ఇదంతా ఏకరువు పెట్టడానికి ఓపికుండొద్దూ?

మా అక్క కూతురి పెళ్లి మాఘమాసంలో, అవనిగడ్డలోనే. ముహూర్తం పగలు పదకొండూ ఇరవైకి. మేనమామని నేనొక్కణ్ణే. తాళి కట్టకముందు పిల్లని గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకెళ్లాల్సింది నేను. రెండు రోజుల ముందే రమ్మని అక్క పోరింది. రెండు గంటల ప్రయాణానికి రెండు రోజుల సెలవెందుకని కసిరాను. ఆఫీసులో ఆడిట్ ఉందన్నది నిజమే కానీ, అసలు సంగతి బద్ధకం. తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాను. పెళ్లి రోజు పొద్దున్న ఆరింటి ఫ్లైట్‌కే టికెట్ తీసుకుని, పదిన్నరకల్లా నీ గుమ్మంలో ఉంటానన్నాను.

ఢిల్లీలో పొగమంచు. ఎనిమిదింటికి గానీ విమానం లేవలేదు. కాస్త లేటు, వచ్చేస్తున్నానని అక్కకి మెసేజ్ పెట్టాను. గన్నవరంలో దిగి కారెక్కుతుంటే పదీ నలభై. అప్పుడే అక్క ఫోను.

“ఎక్కడున్నావురా? గౌరీపూజ అయిపోయింది. వరసకి మావయ్యలు ఇద్దరున్నారు, వాళ్లని ఎత్తమననా?”

“పామిడిముక్కల దాటేశానక్కా. అరగంటలో నీ ముందుంటాను.”

కారు ఇంకా ఎయిర్‌పోర్టు గేటు కూడా దాటలేదు. మా వైపు ఇది అబద్ధం కింద లెక్క కాదు. మంచం దిగనివాడు కూడా బస్టాండులో ఉన్నానంటాడు. వినేవాళ్లూ నమ్మరు.

అక్క నమ్మింది. గంపని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదట. పిల్లని అందులో కూర్చోబెట్టి, చేతికి కొబ్బరిబోండం ఇచ్చి, వీధి వైపు చూస్తూ నిలబడిందట. పంతులుగారు మూడుసార్లు కేకేశారు. చివరికి ఇక మోసే టైము లేదు, నడిచి రమ్మన్నారు. పిల్ల గంపలోంచి లేచి, కొబ్బరిబోండం పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిందట.

నేను వెళ్లేసరికి రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. అక్క మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, భోజనానికి కూర్చోమంది. నాలుగు తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో ఫొటోగ్రాఫర్ వచ్చి, గంప ఫొటో లేకపోతే ఆల్బమ్‌లో వెలితిగా ఉంటుందండీ అన్నాడు. మొయ్యనివాడికి ఫొటో ఏమిటని నేను ఒప్పుకోలేదు.

పిల్ల తనే వెళ్లి గంపలో కూర్చుంది. “ఎత్తు మావయ్యా” అంది.

అవతలి పక్క ఇంకెవరో పట్టుకున్నారు. నాలుగడుగులు వేశాను.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అక్క ఆ ఆల్బమ్ తీస్తుంది. మా తమ్ముడు పనులన్నీ మానుకుని ఢిల్లీ నుంచి వచ్చి మోశాడని చెబుతుంది. ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను. గంపలో కూర్చున్న పిల్ల మెడలో మాత్రం అప్పటికే పసుపుతాడు ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ ఒక్క పేజీని అక్క తొందరగా తిప్పేస్తుంది.